మూత మీద మచ్చ

ధర అడగని మనిషిని నమ్మకూడదని హెస్టర్ సిద్ధాంతం.

చర్చి హాల్లో నెలకోసారి పెట్టే పాత సామాన్ల సంతలో ఆమెది కిటికీ పక్క బల్ల. దాని మీద విక్టోరియా రాణి కాలపు వెండిపూత గిన్నెలు, చేప వడ్డించే కత్తులు, టోస్టు నిలబెట్టే చట్రాలు. తన దగ్గర రెండేసి ఉన్నవి అమ్మి, లేనివి కొంటుంది. దీన్ని ఆమె అభిరుచి అంటుంది. భర్త క్లైవ్ జబ్బు అంటాడు.

బల్ల మధ్యలో ఒక టీపాట్. ముందు చిన్న అట్ట: 'అమ్మకానికి కాదు.'

దాని కోసం ఆమె ఒక వేసవి విహారాన్నీ, వంటింటికి కొత్త అల్మరాలనీ వదులుకుంది.

ఆ శనివారం పాత వానకోటు వేసుకున్న ముసలాయన ఒకడు వచ్చాడు. కుడిచేతి తొడుగు తీశాడు. టీపాట్ మూత మీద వెండి అరిగి, రాగి ఎర్రగా బయటపడ్డ చోట వేలు ఆనించాడు.

అలాగే నిలబడ్డాడు.

"ఏం కావాలండీ?" అంది హెస్టర్.

"ఏమీ వద్దమ్మా. ఇది థార్న్‌లీ బంగళాదే కదూ?"

"మీకెలా తెలుసు?"

"తెలుసు" అని తొడుగు వేసుకుని వెళ్లిపోయాడు.

హెస్టర్ గబగబా చెంచాలు లెక్కపెట్టుకుంది. అన్నీ ఉన్నాయి. అది ఇంకా అనుమానంగా అనిపించింది.

పక్క బల్ల గ్లెనిస్‌ది. టీ చల్లారకుండా టీపాట్‌కి తొడిగే ఉన్ని టోపీలు అల్లి అమ్ముతుంది. సలహాలు ఉచితం.

"ఆ కోటు జేబులు చూశావా హెస్టర్? ఒక్కోదాంట్లో సూప్ గిన్నె పడుతుంది."

"ఏమీ తీయలేదే!"

"మొదటిసారి ఎవరు తీస్తారు? మా పిన్ని ఇంట్లో పడ్డ దొంగ కూడా ముందు గ్యాస్ మీటర్ చూస్తానంటూ వచ్చాడు. టీ కూడా తాగి పోయాడు."

పై నెలా వచ్చాడు. అదే కోటు, అదే వేలు, అదే చోటు.

"దీనికి కొత్త పూత వేయించరు కదమ్మా?"

"ఎందుకడుగుతున్నారు?"

"వేయించొద్దు. ఇలాగే ఉండనివ్వండి."

ఆయన అటు వెళ్లగానే గ్లెనిస్ ఇటు వంగింది.

"ఇప్పుడర్థమైంది. దొంగ కాదు, దళారి. మచ్చ ఉంటే చవగ్గా కొట్టేయొచ్చని చూస్తున్నాడు."

"అమ్మనని రాసి పెట్టాను కదే!"

"నువ్వు అమ్మవు. నువ్వు పోయిన మర్నాడు క్లైవ్ అమ్మేస్తాడు. అందాకా కాచుక్కూర్చునే మొహమే అది."

హెస్టర్‌కి ఇది సబబుగానే తోచింది. భర్త మీద ఆమెకి ఆపాటి నమ్మకం ఉంది.

నిజానికి పాతవి సేకరించేవాళ్లెవరూ వాటికి కొత్త పూత వేయించరు. ముత్తవ్వ జుట్టుకి రంగు వేసినట్టుంటుంది. వయసు తగ్గదు, పరువు తగ్గుతుంది. ఇది హెస్టర్‌కి బాగా తెలుసు. కానీ ముక్కూమొహం తెలియని మనిషి వద్దన్న పని చేయకుండా ఉండటం ఆమెకి చేతకాదు.

టీపాట్ వెండిపూత పనికి పేరున్న షెఫీల్డ్ ఊరికి వెళ్లింది. పూత వేసే ఆయన ఫోన్ చేశాడు.

"ఒకసారి కప్పేశామంటే మూత మీది ఆ గుర్తు మళ్లీ రాదండీ. ఆలోచించుకున్నారా?"

"అదే నాక్కావలసింది" అంది హెస్టర్.

తర్వాతి సంతకి టీపాట్ అద్దంలా తిరిగొచ్చింది. అందులో హెస్టర్ మొహం కూడా కనబడుతోంది, కాస్త సాగి.

ముసలాయన వచ్చాడు. తొడుగు తీశాడు. వేలు మూత మీద ఒక చుట్టు తిరిగింది. ఇంకో చుట్టు తిరిగింది. ఆగడానికి చోటు దొరకలేదు.

ఇప్పుడు బయటపడతాడు అనుకుంది హెస్టర్.

"బాగా మెరుస్తోందమ్మా" అన్నాడు.

జేబులోంచి రుమాలు తీశాడు. మూత మీద పడ్డ తన వేలిముద్ర తుడిచి వెళ్లిపోయాడు.

"పీడ వదిలింది!" అంటూ గ్లెనిస్ ఒక ఉన్ని టోపీ తెచ్చి టీపాట్‌కి కిరీటంలా తొడిగింది.

ఆపై నెల ఆయన రాలేదు.

హాలు చివర టీ పోసే పాస్టరుగారి భార్య మ్యూరియెల్, చేతిలో పళ్లెంతో హెస్టర్ బల్ల దాకా వచ్చింది.

"ఆమోస్ రాలేదా? ఆయన కోసం కేకు ముక్క దాచాను."

"ఏ ఆమోస్?"

"వానకోటాయన. కొండమీది వృద్ధాశ్రమంలో ఉంటాడు. రెండు బస్సులు మారి వచ్చేవాడు పాపం, నీ టీపాట్ కోసం."

"తెలుసులే. దాన్ని కొట్టేద్దామనే కదా!"

"ఛ! నిన్ను బతిమాలైనా కొనిస్తానని ఆయన కూతురంటే ఆయనే వద్దన్నాడట. 'మా ఆశ్రమంలో అన్నీ తీసుకెళ్లి గిన్నెలు కడిగే మిషన్లో పడేస్తారు. ఆవిడ దగ్గరే భద్రం, ఆవిడకి పాతవాటి విలువ తెలుసు' అన్నాడట."

గ్లెనిస్ చేతిలో అల్లిక ఆగింది.

"ఇంతకీ ఎవరాయన?" అని గ్లెనిస్ అడిగింది.

"వాళ్లమ్మ థార్న్‌లీ బంగళాలో టీ వడ్డించేది. ఈయన పసివాడుగా ఉండగానే పోయింది. బంగళావాళ్లు కుక్కలకీ గుర్రాలకీ కూడా ఫొటోలు తీయించారు. పనిమనిషికి ఎవరు తీయిస్తారు?"

మ్యూరియెల్ టీపాట్ మీది ఉన్ని టోపీ తీసింది. తళతళలాడే మూత మీద ఆ చోటు కోసం వెతికింది.

"టీ వంచేటప్పుడు మూత జారకుండా ఏళ్ల తరబడి ఆమె వేలు ఆనించి ఆనించి అరిగిన చోటు... అదొక్కటే, హెస్టర్, ఆయనకి మిగిలిన అమ్మ."