టేకు తలుపుల భానుమూర్తి

పాత లోగిళ్లలోని చెక్కడపు తలుపులు కాజేసి కలకత్తాలో అమ్ముకోవడం భానుమూర్తి వృత్తి. చంకలో నోటుబుక్కు, నోట్లో ‘చరిత్ర పరిశోధన’ అన్న మాట. అతని పనిముట్లు ఇవే.

1968 వేసవిలో, సోంపేట దగ్గర జీడితోటల మధ్య ఒంటరిగా ఉన్న మండువా లోగిలి అతని కంటబడింది. వీధి తలుపు చూడగానే గుండె గంతులేసింది. నిలువెత్తు టేకు రెక్కలు, వాటి నిండా చిలకలు, తామరపూలు. రెక్కలు రెంటినీ కలిపి కొబ్బరికాయంత తాళం. అరుగు మీద పట్టుచీర కట్టుకున్న ముసలావిడ తాంబూలం నములుతోంది.

“ఏటి బాబూ, ఎవులు కావాల?”

“ఈ ఇంటి చరిత్ర రాసుకుందామని వచ్చానండి.”

ఆవిడ ముఖం వెలిగిపోయింది. “మా మావగారు కట్టించినారు. రంగూన్ నుంచి ఓడలో టేకు తెప్పించినారు. గోడలు రెండు మూరల మందం. మండువా మీద ఇనప సువ్వలు. దొడ్డి గుమ్మానికి లోపల అడ్డగడియ. సీమ కూడా దూరనేదు!”

భానుమూర్తి తలుపు తట్టి చూసి నాలుక చప్పరించాడు. “లోపల చెద పట్టిందండి. మ్యూజియం వాళ్లు ఊరికే మందు పెట్టి, నెలలో పంపేస్తారు. కానీ ఈ తాళం...”

“కోడలు తాళంసెవి అట్టుకుని బజారుకెళ్లిపోనాది. తాళంతోనే అట్టుకెళ్లు నాయనా. సెద పడితే మావగారి ఆత్మ ఘోషిత్తాది.”

భానుమూర్తి నవ్వాపుకోలేక తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకున్నాడు. గంటలో ఇద్దరు వడ్రంగుల్ని, ఎడ్లబండిని తెచ్చాడు. రెక్కలు రెండూ జంటగా ఊడి వచ్చేదాకా ఆవిడే “మెల్లగా, మెల్లగా” అంటూ దగ్గరుండి పురమాయించింది. బండి కదులుతుంటే చెయ్యెత్తి దీవించింది కూడా. దారి పొడుగునా అతను ఈలలు వేస్తూనే ఉన్నాడు.

సుమ్మాదేవి రైల్వే స్టేషన్లో హెడ్డు కానిస్టేబుల్ తిరుపతిరావు ఆపాడు.

“తాళమేసిన తలుపు రైలెక్కడం నానెక్కడా సూడనేదు. ఏ ఇంటిదిది?”

సాయంత్రానికల్లా భానుమూర్తిని తెచ్చి లోగిలి ముందు నిలబెట్టాడు. పూరీ యాత్ర నుంచి అప్పుడే దిగిన యజమాని జగన్నాథం, నెత్తి బాదుకుంటూ లోపలి నుంచి వచ్చాడు.

“హెడ్డుగారూ, బీరువా ఖాళీ! వెండి కంచం ఒక్కటీ లేదు!”

“వెండి నేను ముట్టలేదండీ! తలుపు కూడా మీ అమ్మగారే ఇచ్చారు. ఇదిగో, ఇక్కడే, పట్టుచీరలో...”

తిరుపతిరావు పొట్ట పట్టుకుని నవ్వాడు.

“అది దొంగ బొడ్డమ్మరా బాబూ! తాళం తియ్యనేక అరుగు మీద కూకుంటే, నువ్వొచ్చి దానికి తలుపే ఊడదీసి ఇచ్చినావు!”