ఎర్ర స్వెటరు

కనుమ శిఖరం మీద ఎవరో వార్తాపత్రిక మడిచి అందించారు.

సైకిలు ఆపకుండానే యోరిస్ ఆ చేతిని విదిలించి కొట్టాడు.

కొండ దిగేటప్పుడు చలిగాలి ఛాతీకి తగలకుండా చొక్కా లోపల పేపరు దోపుకోవడం సైకిల్ పందెగాళ్లందరికీ అలవాటే. దారి పక్క జనం ఇస్తారు, వీళ్లు తీసుకుంటారు. యోరిస్ మాత్రం సొంత జట్టు మనిషి గుస్తాఫ్ చేతిదే తీసుకుంటాడు.

"చివరికి పేపరంటే కూడా భయమేనా?" పక్కనే పరిగెడుతూ తన పేపరు అందించాడు గుస్తాఫ్.

"అందులో ఏం చుట్టారో ఎవడికి తెలుసు?"

"సరే గానీ, వాన తగ్గేలా లేదు. కింద పొగమంచు కమ్మేసింది. మెల్లగా దిగు."

"మెల్లగా దిగితే ఒరెస్తే పట్టేస్తాడు."

"పడ్డావంటే నీ ఎముకలు నేను ఏరుకోవాలి నాయనా!"

"నా భయం కొండంటే కాదు, వీళ్లంటే," అన్నాడు యోరిస్, జనం వైపు చూసి.

ఆ భయం ఊరికే రాలేదు.

పందెగాళ్లలో ఒక్కొక్కరికి ఒక్కో విద్య అబ్బుతుంది. ఒకడు కొండలెక్కుతాడు. ఒకడు చివరి గీత దగ్గర దూసుకుపోతాడు. ఇంకొకడు ఒంటరిగా గడియారంతో పోటీ పడతాడు. బెల్జియం నుంచి వచ్చిన ఈ యోరిస్‌కి అన్నీ వచ్చు. ఎదుటివాడికి ఒక్క ముద్దయినా మిగల్చడు. ఇటలీ జనానికి అదే కడుపుమంట. వాళ్ల ఒరెస్తే మూడేళ్లుగా ఇతని వెనక రెండోవాడిగానే మిగిలిపోతున్నాడు మరి.

మొన్న ఎవడో యోరిస్ కళ్లలో మిరియాల పొడి కొట్టాడు. నిన్న రోడ్డు మీద సున్నంతో రాశారు.

'యోరిస్, రేపు లోయలో పడతావు.'

రేపంటే ఇవాళే.

దిగుడు మొదలైంది. పక్కన గోడ లేదు, లోయ ఉంది. వేళ్లు కొయ్యబారిపోయాయి. బ్రేకు మీద చెయ్యి ఉందో లేదో కూడా తెలియడం లేదు. పొగమంచులో ప్రతి చెట్టూ మనిషిలా కనిపిస్తోంది.

మలుపు దగ్గర ఏదో ఎర్రగా ఊగింది.

చెట్టు కాదు, మనిషే. రోడ్డు మధ్యలో ఒక ముసలాడు. తల మీద ఒరెస్తే పేరున్న టోపీ. ఎర్ర స్వెటరు చేత్తో ఊపుతూ ఏదో అరుస్తున్నాడు. ఆ కొండ యాస యోరిస్‌కి ఒక్క ముక్క అర్థం కాలేదు.

అన్నంత పనీ చెయ్యడానికి వచ్చాడన్నమాట!

"తప్పుకో! తప్పుకో, చంపేస్తా!"

ముసలాడు తప్పుకోలేదు. ఇంకో అడుగు ముందుకే వేశాడు.

యోరిస్ నీళ్ల సీసా లాగి విసిరాడు. అది ముసలాడి మణికట్టుకి తగిలింది. స్వెటరు చెయ్యి జారి లోయలోకి ఎగిరిపోయింది. యోరిస్ బ్రేకులు బిగబట్టి, కాలు నేలకి రాస్తూ, అతన్ని తప్పించుకుని మలుపు తిరిగాడు.

మలుపు అవతల రోడ్డు లేదు.

కొండచరియ విరిగి అడ్డంగా పడి ఉంది. లోయ అంచున మనిషి పట్టేంత సందు మిగిలింది. అప్పటికే వేగం తగ్గింది కాబట్టి ఆగగలిగాడు. సైకిలు భుజాన వేసుకుని రాళ్లు దాటాడు.

వెనక పొగమంచులో ముసలాడి కేక మళ్లీ వినిపించింది. రాబోయేవాళ్లకి కాబోలు.

వెనక్కి వెళ్లాలనిపించింది. అంతలోనే ఒరెస్తే గుర్తొచ్చాడు. యోరిస్ సైకిలెక్కేశాడు.

కింద ఊళ్లో, చివరి గీత ముందు ఒరెస్తే అతన్ని పట్టుకున్నాడు. భుజాలు రాసుకుంటూ ఇద్దరూ దూసుకొచ్చారు. సగం చక్రం తేడాతో యోరిస్ గెలిచాడు. జనం తిట్టారు. నిర్వాహకులు మొత్తం పందెంలో అందరికన్నా ముందున్నవాడికిచ్చే గులాబీ రంగు చొక్కా తొడిగి, పూలగుత్తి చేతిలో పెట్టారు.

వేదిక దిగేసరికి జట్టు డాక్టరు ఎదురొచ్చాడు.

"పైన ఒక పెద్దాయన్ని ఫొటోగ్రాఫరు మోటారు సైకిలు గుద్దేసిందట. రాళ్లున్నాయని అందర్నీ ఆపుతున్నాడట పాపం. ఆ పొగమంచులో ఒట్టి చేతులు ఊపితే ఎవరికి కనిపిస్తాయి?"

యోరిస్ డాక్టరు చెయ్యి పట్టుకున్నాడు.

"బతికే ఉన్నాడా?"

"ఇక్కడి ఆసుపత్రికే తెచ్చారు."

పూలగుత్తితోనే పరిగెత్తాడు. దారంతా ఒకటే భయం. ఈసారి తన ప్రాణం గురించి కాదు.

ఆసుపత్రిలో నర్సు తల అడ్డంగా ఊపింది.

"ఇప్పుడే పోయారు."

వరండా బల్ల మీద ఒరెస్తే కూర్చుని ఉన్నాడు. ఒళ్లంతా బురద. ఒళ్లో ఆ టోపీ. తనలాగే ప్రాణం దక్కించుకుని దణ్ణం పెట్టడానికి వచ్చాడనుకున్నాడు యోరిస్.

మూడేళ్లలో ఇద్దరూ ఒక్కసారైనా మాట్లాడుకోలేదు.

"నీ అభిమాని అనుకున్నాను," అన్నాడు యోరిస్. "నన్ను పడెయ్యడానికి వచ్చాడనుకుని సీసాతో కొట్టాను. స్వెటరు... నా వల్లే పోయింది."

ఒరెస్తే తల ఎత్తలేదు.

"నేనొచ్చేసరికి చొక్కాతో తడుస్తూ నిలబడ్డాడు. ఇంత చలిలో స్వెటరు కూడా లేకుండా వచ్చాడేంటని తిట్టుకుంటూ దాటాను."

టోపీ మీది బురద వేలితో తుడిచాడు.

"ముందొచ్చేది నువ్వేనని రేడియోలో విన్నాడట. నువ్వు పోయేదాకా పక్కన కూర్చుని, తర్వాత నా ఒక్కడి కోసం లేచినా సరిపోయేది మా నాన్నకి," అన్నాడు ఒరెస్తే.