లాంప్ చల్లారేలోగా

గురువారం ఉదయం 10:05కు అమీర్‌పేటలోని ఒక ప్రభుత్వ పాఠశాల హాల్లో ప్రొజెక్టర్ ఆగిపోయింది.

అప్పటికి తెర మీద ఏడో స్లైడ్ ఉంది. మొత్తం స్లైడ్లు ఎనభై ఆరు.

అది ప్రాథమిక పాఠశాలల టీచర్లకు గణితంపై మూడు రోజుల శిక్షణ. ఆ రోజు చివరి రోజు. ముప్ఫై ఒక్క మంది వచ్చారు. శిక్షణ ఎలా ఉందో రాయాల్సిన ఫారాలను తొమ్మిదిన్నరకే నింపించి తీసుకున్నారు. సాయంత్రమైతే ఎవరూ ఆగరు.

"ఒకసారి స్విచ్ నొక్కి చూడండి సార్," అంది శిక్షణ ఇస్తున్న మధులత.

ముందు వరుసలోని కామరాజు నొక్కాడు. వెలిగింది. ఆరింది. మళ్లీ నొక్కాడు.

పదకొండు గంటలకు స్లైడ్ కనిపించేలా ఫొటో తీసి పై ఆఫీసుకు పంపాలి. మధులత బల్కంపేటలోని రిపేరు షాపుకు ఫోన్ చేసింది.

వనిత లేచి వెళ్లి బోర్డు మీద ఒక లెక్క రాసింది. 612 ÷ 6.

ఆమె ఎర్రమంజిల్ వైపు ఒక బడిలో ఐదో తరగతి టీచర్. పోయిన నెల అధికారులు వచ్చి ఇదే లెక్క ఇచ్చారు. ముప్ఫై ఎనిమిది మంది పిల్లల్లో ఎనిమిది మందే సరిగ్గా చేశారు. సోమవారం మళ్లీ వస్తున్నారు. ఈసారీ ఇంతే అయితే మెమో ఇస్తామని చెప్పి వెళ్లారు.

"మేడమ్, ఖాళీగనే ఉన్నం కదా. గిది పిల్లలకు ఎట్ల చెప్పాలె? మొన్నటి సంది అడుగుతున్న."

"నలభై ఒకటో స్లైడ్ల ఉంది వనితా. వచ్చినంక చూద్దం."

10:30కు మెకానిక్ వచ్చాడు. వయసు నలభై దాటి ఉంటుంది. చేతిలో హెల్మెట్, భుజాన సంచి.

ప్రొజెక్టర్ మీద చెయ్యి పెట్టి వెంటనే తీసేశాడు.

"ఎవరన్న మళ్ల మళ్ల నొక్కిండ్రా?"

అందరూ కామరాజు వైపు చూశారు.

"నన్ను చూస్తారేంటండీ? మేడమ్ గారు నొక్కమంటేనే నొక్కాను."

"లాంప్ పోయింది. మారుస్త. గని మస్తు వేడి మీదున్నది. ఇర్వై నిమిషాలు సల్లారాలె."

మధులత ఫోన్ తీసుకుని వరండాలోకి వెళ్లింది.

మెకానిక్ గోడకు ఆనుకుని నిలబడ్డాడు. బోర్డు చూశాడు.

"పిల్లలు ఎంతని రాస్తుండ్రు మేడమ్?"

వనిత అతని వైపు తిరిగింది. "పన్నెండు."

"అందరు గంతేనా?"

"లెక్క రానోళ్లు ముప్ఫై మంది. అందరు గంతే."

"అయితే ఫికర్ లేదు. ముప్ఫై మందిది తప్పు ఒక్కటే."

"జవాబు నూట రెండండీ," అన్నాడు కామరాజు. "మధ్యలో సున్నా మర్చిపోతున్నారు. పెట్టమని చెప్పాలి, అంతే."

"ఎందుకు పెట్టాలె సార్?"



మెకానిక్ ఆరుగురు టీచర్లను ముందుకు రమ్మన్నాడు. కాగితం అంటే వంద, పెన్ను అంటే పది, సుద్దముక్క అంటే ఒకటి అన్నాడు. ఆరు కాగితాలు, ఒక పెన్ను, రెండు సుద్దముక్కలు వనిత చేతిలో పెట్టాడు.

"గిది ఆరు వందల పన్నెండు. ఆరుగురికి సమానంగ పంచుండ్రి. ముందుగాల కాగితాలు."

తలా ఒకటి వచ్చింది. బోర్డు మీద 1 వేయించాడు.

"ఇప్పుడు పెన్ను."

"ఒక్కటే ఉంది. ఆరుగురికి ఎట్లిస్త?"

"మీరు చెప్పకుండ్రి. వాళ్లను చేతులు చూపియ్యమనుండ్రి. ఎన్ని పెన్నులున్నయి?"

ఆరుగురూ చేతులు చాపారు. ఎవరి చేతిలోనూ పెన్ను లేదు.

"లేదన్న సంగతి ఎట్ల రాస్తరు?"

వెనక వరుసల్లో వాళ్లు లేచి ముందుకు వచ్చారు. వనిత 1 పక్కన 0 వేసింది.

అతను పెన్ను తీసుకుని దానికి బదులు పది సుద్దముక్కలు ఇచ్చాడు. మొత్తం పన్నెండు. తలా రెండు.

102.

"పన్నెండని రాస్తె కొట్టెయ్యకుండ్రి మేడమ్. చేతులు చూపియ్యమనుండ్రి. వాళ్లే దిద్దుకుంటరు."

"ఇరవై ఆరేళ్లుగా సున్నా పెట్టండ్రా అని అరుస్తున్నానండీ," అన్నాడు కామరాజు. ఎవరో నవ్వారు. అతను నవ్వలేదు.

"నీకెట్ల తెలుసు భాయ్?" అంది వనిత.

"మస్తు బళ్లు తిరుగుత మేడమ్. ప్రొజెక్టర్ ఖరాబయితె నన్నే పిలుస్తరు."

"నా దగ్గర ముప్ఫై ఎనిమిది మంది. ఆరుగురిని పిలిస్తె, మిగిలినోళ్లు అల్లరి చేస్తరు కదా?"

"అదే అసలు సంగతి. మిగిలినోళ్లను ఊకె కూసోపెట్టొద్దు. వాళ్లకు..."

మధులత లోపలికి వచ్చింది. 10:52 అయింది.

"ఏంది, సంత లెక్క చేసిండ్రు? అందరు కూసోండి. భాయ్, ఇంకా సల్లారలేదా?"

అతను లాంప్ మార్చాడు. 10:58కు ఏడో స్లైడ్ తెర మీదికి వచ్చింది. మధులత ఫోన్ ఎత్తి పట్టుకుంది.

"భాయ్, మీరు ఫొటోల పడుతుండ్రు. జర పక్కకు జరుగుండ్రి."

అతను జరిగాడు. రిపేరు చీటీ మీద సంతకం చేసి బల్ల మీద పెట్టాడు. హెల్మెట్ తీసుకుని వెళ్లిపోయాడు.

పదకొండు గంటలకు ఫొటో వెళ్లింది.

12:20కి నలభై ఒకటో స్లైడ్ వచ్చింది. పేరు 'ఆదర్శ తరగతి – భాగహారం'. కింద ఒక ఫొటో. ఆరుగురు పిల్లలు చేతులు చాపి నిలబడ్డారు. ప్రతి చేతిలో ఒక కాగితం. సార్ బోర్డు వైపు తిరిగి ఉన్నాడు. మిగిలిన పిల్లలు ఫొటోలో లేరు.

వనిత లేచింది.

"ఈ సార్ ఎవరు మేడమ్? మిగిలినోళ్లతోని ఏం చేయించిండో అడగాలె."

"2019 ఫొటో అది. సార్ కాదు, విద్యా వాలంటీర్. ఏడాదికోసారి పనిలకు తీసుకునేవాళ్లు. తర్వాత తీసుకోలేదు. ఇప్పుడు ఎక్కడున్నడో ఎవరికెరుక?"

మధులత నలభై రెండో స్లైడ్‌కు వెళ్లబోయింది.

"ఒక్క నిమిషం మేడమ్."

వనిత తెర దగ్గరికి వెళ్లింది. ఫొటో కింద చిన్న అక్షరాల్లో 'బోధన: బి. మహిపాల్' అని ఉంది.

బల్ల మీది రిపేరు చీటీలో ఉన్న సంతకం కూడా బి. మహిపాల్.