పన్నెండు దాటాక

ఫారం మళ్ళీ వెనక్కొచ్చింది. ఇది ఐదోసారి.

"స్టోర్సు వాళ్ళ సంతకం గడి దాటింది. ఇంకో ఫారం రాయించుకు రండి," అన్నాడు కౌంటర్లో గుమాస్తా, తలెత్తకుండా.

క్రేన్ ఆపరేటర్‌కి అరికాలి మంట నెత్తికెక్కింది.

పద్నాలుగేళ్ళు నడిపిన క్రేన్ మీంచి దింపేసి, ఉద్యోగం తీసేశామని కాగితం చేతిలో పెట్టి వారమైంది. గుర్తింపు కార్డు, హెల్మెట్, కంపెనీ ఇచ్చిన ఫోను మొదటిరోజే లాగేసుకున్నారు. ఏడు విభాగాల చుట్టూ కాళ్ళరిగేలా తిరిగి సంతకాలు తెచ్చుకున్నాడు. ఇక మిగిలింది 'బాకీ లేదు' అనే గుండ్రటి ముద్ర ఒక్కటే. అది పడితే గంటలో పరిహారం చెక్కు ఇస్తారు.

ఆ ముద్ర ఈ కొత్త గుమాస్తా చేతిలో ఉంది. ఈ పనికోసమే హెడ్డాఫీసు పంపిన మనిషి. ఊరేమిటో పేరేమిటో ఎవరికీ తెలీదు. మిగతావాళ్ళ ఫారాలు చకచకా అయిపోతున్నాయి. ఆపరేటర్ వస్తే మాత్రం ఏదో ఒక వంక, ఆ తర్వాత 'రేపు రండి'. అందుకే ఆపరేటర్ అతనికి 'రేపురండి' అని పేరు పెట్టేశాడు.

"సార్, నా భార్య ఆస్పత్రిలో ఉంది. తలలో గడ్డ. డబ్బు కట్టందే కత్తి పట్టుకోరు."

"విన్నాను."

"ఉద్యోగంతోపాటే ఇన్సూరెన్సూ ఊడింది. ఈ చెక్కు తప్ప నాకు దిక్కులేదు."

గుమాస్తా మొదటిసారి తలెత్తాడు. ఏదో చెప్పబోయి, వెనక అద్దాల గదిలో ఉన్న మేనేజర్ని చూసి నోరు మూసుకున్నాడు.

"పన్నెండు దాటాక రండి."

అప్పుడు పదిన్నర.

"ఏరా, నువ్వు తిని తేన్చాక గానీ నా పెళ్ళాం బతకకూడదా?"

ఒక్క దూకులో కౌంటర్ దాటాడు. గుమాస్తా జుట్టు పట్టుకుని మొహాన్ని బల్లకేసి బాదాడు. ముక్కు విరిగింది. నెత్తురు ఫారం మీద చిమ్మింది.

"వెయ్యి ముద్ర!"

గుమాస్తా ముద్ర తీసి గుప్పిట్లో బిగించాడు.

ఆపరేటర్ చేతికి పంచింగ్ మెషీన్ దొరికింది. ఇనుముది, బరువుగా ఉంది. దాంతో మూతి మీద కొట్టాడు. రెండు పళ్ళు ఊడి కాగితాల మీద పడ్డాయి.

వరసలో నిలబడ్డవాళ్ళకి హుషారొచ్చింది. వాళ్ళ కడుపుమంట వాళ్ళది.

"వెయ్యన్నా, ఇంకోటి!"

"మా అందరి పేరునా ఒకటెయ్యి!"

అద్దాల గదిలో మేనేజరు గభాలున లేచి, లోపల్నించి తలుపు గడియ పెట్టుకున్నాడు.

గుమాస్తా కిందపడ్డాడు. అయినా గుప్పిట విప్పలేదు. ఆపరేటర్ ఆ గుప్పిట మీద కాలేసి మడమతో తొక్కాడు. వేళ్ళు పటపటా విరిగిన చప్పుడు వరస చివరిదాకా వినపడింది. అరుస్తున్నవాళ్ళు అరుపు ఆపేశారు.

"వదులు! లేకపోతే చంపేస్తా!"

"పన్నెండు..." అన్నాడు గుమాస్తా, నెత్తురు మింగుతూ. "పన్నెండు దాటాక వేస్తా."

ఈ మొండిఘటానికి ప్రాణం కన్నా పంతమే ఎక్కువలా ఉంది అనుకుని ఆపరేటర్ డొక్కలో తన్నాడు. మళ్ళీ తన్నాడు.

గార్డులు ఆరుగురొచ్చారు. లాఠీలతో ఒళ్ళు చితకబాది, కాళ్ళు పట్టి ఈడ్చుకెళ్ళి గేటు బయట పడేశారు.

చెక్కు లేదు. జేబులో బస్సు టికెట్టుకి కూడా చిల్లర లేదు. పగిలిన నుదురు చొక్కాతో తుడుచుకుంటూ ఆస్పత్రికి నడిచాడు. ఎవరి కాళ్ళైనా పట్టుకుని రెండురోజులు గడువు అడగాలి. ఇవ్వకపోతే ఆమెకి ఏం చెప్పాలో తెలీడం లేదు.

చేరేసరికి ఒంటిగంట.

"అయ్యో, ఆ దెబ్బలేంటండీ?" కౌంటర్లో అమ్మాయి లేచి నిలబడింది. "మీ కోసం పొద్దుట్నించీ వెతుకుతున్నాం. మీ ఫోను కలవదే! ఆపరేషన్ అయిపోయింది. పన్నెండింటికి బయటికి తెచ్చారు. గడ్డ మొత్తం తీసేశారు, ఇక భయం లేదు."

"డబ్బు... డబ్బెవరు కట్టారు?"

"ఇన్సూరెన్సు ఉందిగా."

"అది పోయింది కదమ్మా!"

"ఎక్కడ పోయింది? ఆ ఆఖరి ముద్ర పడేదాకా మీరు ఉద్యోగంలో ఉన్నట్టే లెక్కట. మీ అన్నయ్యగారే చెప్పారు. రోజుకి మూడుసార్లు ఫోన్ చేసి, డాక్టరుగారి వెంటపడి, సోమవారం ఆపరేషన్ని ఇవాళ్టికి మార్పించారు. మా మరదలు బయటికొచ్చేదాకా ఆ ముద్ర పడనివ్వను, నాదీ పూచీ అన్నారు."

ఆపరేటర్ కౌంటర్ దగ్గరికి ఇంకో అడుగు వేశాడు.

"మీకు చెప్పొద్దని ఒట్టేయించుకున్నారండీ. మావాడికి కోపమెక్కువ, తెలిస్తే ఆఫీసులో అనేస్తాడు, మేనేజరు చెవిన పడితే ఆ నిమిషమే వాళ్ళే ముద్ర కొట్టేస్తారు అన్నారు."

"ఎవరమ్మా ఆ అన్నయ్య?"

"అదేంటండీ! మీ కంపెనీలో ముద్రలేసే కౌంటర్లో కూర్చుంటారటగా. ఆపరేషన్ అవగానే ఫోన్ చెయ్యమన్నారు. గంటనుంచీ చేస్తున్నా ఎత్తడం లేదు. మీరైనా ఆయనకి చెప్పండి."

ఆపరేటర్ కౌంటర్ అంచు పట్టుకుని నిలబడ్డాడు. తన రెండు చేతుల్నీ తనే నరికేసుకోవాలనిపించింది.

అతనికి తోడబుట్టినవాళ్ళెవరూ లేరు.