రాతిలో నలుచదరపు బెజ్జం

రాయిని ముందు చూసింది నేను, పగలగొట్టి లోపలి ఎముక అంచు బయటపెట్టింది క్లెమ్. గొడవంతా అక్కడే మొదలైంది.

పడమటి క్వీన్స్‌లాండ్‌లో ఎవరికీ పట్టని ఆ గొర్రెల బీళ్లు ఒకప్పుడు సముద్రపు అడుగు. సెలవు దొరికితే మేమిద్దరం అక్కడ శిలాజాలు ఏరి, మాలాంటి సరదారాయుళ్ల గ్రూపులో ఫోటోలు పెడతాం. ఎప్పుడూ ఇద్దరి పేర్లతోనే.

"ఈసారి నా పేరొక్కటే," అన్నాడు క్లెమ్, చీకట్లో టార్చి వెలిగిస్తూ.

"చూసిన కళ్ళు నావిరా, దొంగ వెధవా!"

"సుత్తి నాదిరా, సగంపన్ను వెధవా!"

వాడి చొక్కా పట్టుకున్నాను. వాడు నన్ను నేలకేసి కొట్టి, రాయి మీదికి టార్చి తిప్పాడు.

గవ్వల మధ్య మనిషి పుర్రె. మనిషన్నవాడు పుట్టకముందు గట్టిపడ్డ రాయి అది. పుర్రెకు చెవి పైన నలుచదరపు బెజ్జం. దాని ఒక మూల మాత్రం తెగినట్టుంది.

క్లెమ్ తన సుత్తిని అందులో పెట్టి చూశాడు. సుత్తి నలుచదరపు మొహం, పొద్దున పెచ్చు లేచిన మూలతో సహా, అచ్చుగుద్దినట్టు సరిపోయింది.

"ఎవడ్రా వీడు?" అన్నాను.

క్లెమ్ వెలుగు మెల్లగా పుర్రె పళ్ళ మీదికి దించాడు. ముందుపన్ను ఏటవాలుగా సగం విరిగి ఉంది.

గాలి ఆగిపోయింది. ఒక్క కీచురాయి కూడా అరవడం లేదు. నా నాలుక దానంతటదే నా విరిగిన పన్నును తడుముకుంది.

బెజ్జంలోంచి సుత్తి బయటికొచ్చిన గరగర వినిపించింది. టార్చి వెలుగు నా ముఖం మీద పడింది.

"ఇటు చూడరా రస్," అన్నాడు క్లెమ్. "ఏదీ, ఒకసారి నవ్వు."