జక్కయ్య దగ్గు

“ఒకసారి దగ్గండి,” అంది యశస్విని, ఫోను జక్కయ్య ముందు పెట్టి.

“ఏ దగ్గు దగ్గమంటావమ్మాయ్?”

“మామూలుగా దగ్గు బాబాయ్, వేషాలెయ్యమాక!” కసిరింది ఊరి ఆరోగ్య కార్యకర్త ప్రభావతి.

ఒకప్పుడు నాటకాల్లో ముసలి రాజు నుంచి గయ్యాళి అత్త దాకా అన్ని వేషాలూ జక్కయ్యే కట్టేవాడట. యశస్విని నవ్వేసింది.

జక్కయ్య దగ్గాడు. తెర ఎర్రబడింది. క్షయ, తొంభై తొమ్మిది శాతం.

యశస్విని గుండె గంతేసింది. వెంటనే సిగ్గు కూడా వేసింది.

దగ్గు విని క్షయను పసిగట్టే కృత్రిమ మేధ. డాక్టరేటు అయ్యాక ఆమె చేస్తున్న పరిశోధన ఇదే. గురజాల చుట్టుపక్కల మిరప కల్లాల్లో కోరుకు, అంటే మిరప ఘాటుకు దగ్గే, జబ్బు లేని కూలీల దగ్గులు తనే పోగేసింది. క్షయ రోగుల దగ్గులు నూట ఇరవై ప్రభావతి రికార్డు చేసి పంపింది, అనుకున్నదానికన్నా నెల ముందే. అవన్నీ వినిపించి, ఏది జబ్బో ఏది కాదో యంత్రానికి నేర్పింది.

ఇప్పుడు ఊళ్ళో పరీక్ష. యాభై తొమ్మిది మందికి పచ్చ. జక్కయ్య ఒక్కడికే ఎరుపు.

“ఆ ఒక్కటీ నిజమైతే ఇంకో రెండేళ్ళు అక్కడే ఉండి పని చెయ్యమ్మా,” అన్నాడు ప్రొఫెసర్ ఫోన్లో. “కాకపోతే బెంగళూరు వచ్చెయ్. మళ్ళీ మొదట్నుంచి మొదలుపెడదాం.”

రెండేళ్ళు నరసరావుపేటలోనే! పెళ్ళయి మూడు నెలలు. అక్కడే కాలేజీలో పాఠాలు చెప్పుకునే భర్త వంశీ పొద్దున ఉప్మా కట్టిచ్చాడు. మూత తీస్తే, తన వాటా జీడిపప్పులు కూడా ఏరి పైన పేర్చాడు. అలాంటి మనిషిని వదిలి బెంగళూరా?

జక్కయ్యకు జబ్బుంటే తన కాపురం ఇక్కడ నిలుస్తుంది. ఆరు నెలలు మందులు వాడితే తగ్గిపోయేదే కదా అని మనసుకు సర్దిచెప్పుకుంది.

కఫం పరీక్షలో ఏమీ లేదు. ఎక్స్‌రేలో ఏమీ లేదు. మళ్ళీ కఫం తీయించింది. మళ్ళీ లేదు.

“నాకేం లేదంటే నమ్మవేందమ్మాయ్?” పటికబెల్లం చప్పరిస్తూ అన్నాడు జక్కయ్య. “దగ్గీ దగ్గీ గొంతు అరిగిందంతే.”

“చూశారా, ఎంత దగ్గుందో! ఇంకొక్కసారి దగ్గండి.”

ఎరుపు. తొంభై తొమ్మిదిన్నర.

“ప్రభావతక్కా, యంత్రం ఇంత గట్టిగా చెబుతోందంటే ఊరికే కాదు. రేపు గుంటూరు తీసుకెళ్దాం. ఊపిరితిత్తుల్లోకి గొట్టం వేసి చూస్తారు.”

పటికబెల్లం జక్కయ్య నోట్లోంచి జారి పడింది.

“ఏమే ప్రభావతీ, గొట్టమంట! ఇప్పుడన్నా చెప్తావా, చెప్పవా?”

ప్రభావతి కొంగు కొస వేలికి చుట్టుకుంటూ తల దించుకుంది.

“జబ్బు సంగతి ఊరందరికీ తెలిసిపోద్దని ఒక్కళ్ళూ ఫోనుకాడ దగ్గలేదమ్మా, నేను పంపిన ఆ నూట ఇరవై దగ్గులూ జక్కయ్య బాబాయివే.”