సబ్బు నీళ్ళు

“ఏమప్పా అయివారూ, ఈ పొద్దు ఊరంతా నీ సొక్కా మురికే తాగాల్నా?”

వంకలో టెరిలిన్ చొక్కాకి సబ్బు రుద్దుతున్న మునిరత్నం ఉలిక్కిపడి లేచాడు. పుంగనూరు దగ్గరి ఈ పల్లెబడికి జాగ్రఫీ చెప్పడానికి వచ్చి వారమే అయింది. గట్టుమీద తల్లి వయసున్న సిద్ధమ్మ కడవతో నవ్వుతోంది.

“ఈడ తాగే నీళ్ళు. గుడ్డలుతికేది కింద, ఆ బండకాడ. దానికీ కింద గొర్రెలు. పిలకాయలకు దేశదేశాల నదులు సెప్తావే, మూరెడు వంక తెలీదా?”

సిగ్గుపడుతూ అతను బకెట్టుతో బండ దగ్గరికి దిగాడు. కాసేపటికి సిద్ధమ్మా గుడ్డల మూట, బకెట్టు పట్టుకుని అక్కడికే వచ్చింది. కానీ ఆమె సబ్బు నీళ్ళు వంకలో వదలలేదు. బకెట్లో పట్టి, గట్టెక్కి, కానుగచెట్టు మొదట్లో పోసి వచ్చింది. మళ్ళీ ఎక్కింది.

ఎగతాళి చేసే వంతు ఈసారి తనదనుకున్నాడు. “యాలమ్మా ఈ పాట్లు? కింద గొర్రెలే గదా అంటివి! అవి సబ్బు వాసనకు అలుగుతాయా?”

“గొర్రెలు దాటినాక ఇంకో ఊరుండాది. నా బిడ్డనిచ్చింది ఆడికే. పొద్దునే లేసి ఈ నీళ్ళే ముంచుకుంటాది.”

మునిరత్నం తన బకెట్టు ఎత్తుకుని గట్టెక్కాడు. నీళ్ళు పారబోసి వచ్చాక ఉండబట్టలేక అడిగాడు.

“మరి పై ఊరోళ్ళు మనకోసం ఇట్లా మోస్తారా?”

సిద్ధమ్మ గుడ్డ పిండుతూ, వంక వచ్చే దిక్కుకి చూసింది.

“అది నా పుట్టినూరప్పా. మాయమ్మ ఉన్నన్నాళ్ళూ ఈడికి ఒక్క నురగ రాలేదు.”